గోదావరి పాయల మీద వంతులవారీ యుద్ధం: అభిమానుల మ్యాపుల్లో దాటుచోట్ల లెక్క

వంతులవారీ ఫాంటసీ వ్యూహక్రీడలు ఎంతకాలం నిలుస్తాయన్నది వాటిని తయారుచేసిన సంస్థల కంటే, వాటికి కొత్త మ్యాపులు గీసి పదిమందితో పంచుకునే అభిమానుల మీదే ఎక్కువగా ఆధారపడుతూ వచ్చింది. న్యూ వరల్డ్ కంప్యూటింగ్ సంస్థ 1999లో ‘హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3’ను తెచ్చినప్పుడు ఆటతో పాటే మ్యాపులు గీసుకునే సాధనాన్ని (మ్యాప్ ఎడిటర్‌ను) కూడా ఇచ్చింది. ఆ ఆటను ప్రచురించిన త్రీడీఓ కంపెనీ 2003లో దివాలా తీసినా ఆట ఆగిపోలేదు. అభిమానులు సొంతంగా తయారుచేసిన ‘హార్న్ ఆఫ్ ది అబిస్’ అనే విస్తరణ 2011లో తొలిసారి విడుదలై, మూల ఆటలో 144 గడుల పొడవు, 144 గడుల వెడల్పు దగ్గర ఆగిపోయిన పెద్ద మ్యాపును తర్వాతి రూపాల్లో 252 గడుల దాకా పెంచింది. డేవిడ్ వైట్ 2003లో మొదలుపెట్టిన ‘బ్యాటిల్ ఫర్ వెస్నోత్’ దారి వేరు. జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద ఉచితంగా దొరికే ఈ ఆటను కొన్నేళ్ల నాటి ల్యాప్‌టాప్ కూడా సులువుగా నడపగలదు. ఒకే కంప్యూటర్ ముందు నలుగురు కూర్చుని వంతులు మార్చుకుంటూ ఆడుకోవచ్చు. ఎవరో గీసిన మ్యాపును విప్పి, మార్చి, మళ్లీ పంచుకోవచ్చు.

గోదావరి డెల్టాలో పెరిగినవారు ఇటువంటి ఆటకు మ్యాపు గీయాలనుకుంటే ముందుగా మనసులో మెదిలేది సొంత నేలే. అది సహజమైన కోరిక, మంచి కోరిక కూడా. అయితే డెల్టాను ఉన్నదున్నట్టుగా గీస్తే ఆ మ్యాపు చూడముచ్చటగా ఉండి ఆడటానికి పనికిరాకుండా పోతుంది. కొండలూ లోయలూ ఉన్న ప్రాంతంలో నేలే సైన్యాలను విడదీస్తుంది, కలుపుతుంది. డెల్టాలో నేలంతా సమతలం, విడదీసేది నీరు. నీరు ఎక్కడ ఉందన్నది చెప్పినంత మాత్రాన మ్యాపు పూర్తికాదు. దానిని ఎక్కడ దాటవచ్చు, దాటడానికి ఎన్ని వంతులు పడుతుంది, దాటుతున్నప్పుడు ఎంత ప్రమాదంలో ఉంటారు అన్నవే డెల్టా మ్యాపుకు ప్రాణం. వంతెన, పంటు (నది దాటించే బల్లకట్టు) రేవు, కాలువ లాకు, కాజ్‌వే, ఏటిగట్టు వీటిని ముందు పెట్టి, పచ్చదనాన్ని తర్వాత నింపుకున్నవారి మ్యాపే నిలుస్తుంది.

ఏ ఆటకు గీస్తున్నారన్నది కూడా ఇక్కడ చాలా ముఖ్యం, ఎందుకంటే నీటిని ఒక్కో ఆట ఒక్కో విధంగా లెక్కగడుతుంది. హీరోస్ 3లో నాయకుడికి రోజుకు సుమారు 1500 నుంచి 2000 వరకు కదలిక పాయింట్లు ఉంటాయి. పచ్చిక గడికి 100, ఇసుక గడికి 150, చిత్తడి గడికి 175, రాళ్లు పరిచిన రోడ్డు మీద 50 పాయింట్లు ఖర్చవుతాయి. అంటే 1500 పాయింట్లున్న నాయకుడు రోడ్డు మీద 30 గడులు, పచ్చిక మీద 15 గడులు నడిస్తే, చిత్తడిలో 8 గడులకు మించి పోలేడు. ఇంతవరకు డెల్టాకు సరిపోయే లెక్కే. చిక్కు పడవ దగ్గర వస్తుంది. పడవ ఎక్కితే ఆ రోజుకు మిగిలిన కదలిక అంతా పోతుంది, దిగినా అంతే. ప్రత్యేకమైన ఒక టోపీ దొరికితే తప్ప ఈ నియమం నుంచి మినహాయింపు లేదు. సముద్రయానానికి ఇది తగిన నియమమే గాని, ప్రతి మూడు గడులకూ ఒక కాలువ వచ్చే సీమలో పడవను నమ్ముకున్న నాయకుడు వారంలో సగం రోజులు ఎక్కడానికీ దిగడానికీ పోగొట్టుకుంటాడు. అందుచేత హీరోస్ 3లో డెల్టాను గీసేవారు నీటిని గోడగా మాత్రమే వాడుకుని, రాకపోకలన్నీ గట్ల మీది రోడ్లకే వదలాలి. ఆ రోడ్ల మ్యాపు బాగానే ఆడుతుంది, కాని అందులో గోదావరి ఉండదు.

వెస్నోత్‌లో నీరు అడ్డంకిగానూ దారిగానూ ఒకేసారి పనిచేయగలదు. అక్కడ మ్యాపు ఆరు మూలల గడులతో ఉంటుంది. ప్రతి గడికీ ఒక నేల రకం ఉంటుంది, ప్రతి జాతి సైనికుడికీ ఆ నేల మీద నడక ఖర్చూ రక్షణ శాతమూ వేరువేరుగా ఉంటాయి. బల్లెం పట్టిన మనిషి సైనికుడికి మైదానంలో గడికి 1 పాయింటు, రక్షణ 40 శాతం. లోతులేని నీటిలోనూ చిత్తడిలోనూ 3 పాయింట్లు, రక్షణ 20 శాతం. లోతు నీటిలోకి అడుగే పెట్టలేడు. మెర్మన్ అనే జలచర యోధుడికి ఈ లెక్క తిరగబడుతుంది. లోతులేని నీటిలోనూ చిత్తడిలోనూ అతనికి 1 పాయింటు, రక్షణ 60 శాతం. లోతు నీటిలో 50 శాతం. మైదానానికి వస్తే 2 పాయింట్లు ఖర్చై రక్షణ 30 శాతానికి పడిపోతుంది. రక్షణ 20 శాతం అంటే ఎదుటివారు వేసే ప్రతి దెబ్బా తగలడానికి 80 శాతం అవకాశం ఉందని అర్థం. ఒకరికి అడుసుగా కనిపించిన గడి మరొకరికి కోటగా మారడానికి కారణం ఈ లెక్కే. ఆటతో వచ్చే ఇద్దరి మ్యాపుల్లో ‘సేబుల్‌స్టోన్ డెల్టా’ అనేది ఒకటి ఉందంటే, ఈ సంగతి ఆట తయారుచేసినవారికీ మొదటి నుంచీ తెలిసిందేనని అనుకోవాలి.

ఈ లెక్క గడి స్థాయిలో ఎలా పనిచేస్తుందో ఒక మురుగు కాలువను తీసుకుని చూడవచ్చు. వరి చేల మధ్య పారే కాలువను చిత్తడి గడులుగా గీశారనుకుందాం. బల్లెం సైనికుడికి వంతుకు 5 పాయింట్లు. కాలువ వెడల్పు ఒక గడే అయితే, ఒడ్డున ఉన్నవాడు 3 పాయింట్లతో దానిలో దిగి, మిగిలిన 2 పాయింట్లతో ఆవలి పొలంలో రెండు గడులు ముందుకు పోతాడు. కాలువ అసలు లేనట్టే లెక్క. అదే కాలువ రెండు గడుల వెడల్పు అయితే రెండో గడికి పాయింట్లు చాలవు. అతను ఆ వంతును బురదలోనే ముగించి, 20 శాతం రక్షణతో శత్రువు వంతంతా అక్కడే నిలబడి దెబ్బలు కాయాలి. 8 పాయింట్లున్న గుర్రపు సైనికుడికి చిత్తడి గడికి 4 చొప్పున పడుతుంది కాబట్టి రెండు గడులూ దాటేసరికి వంతు అక్కడితో సరి. కాలువ వెడల్పు ఒక్క గడి పెరిగినందువల్ల వచ్చిన తేడా అంతా ఇది. దీనికి పగలూ రాత్రీ కూడా తోడవుతాయి. వెస్నోత్‌లో ఒక రోజు ఆరు వంతులు. ధర్మపక్షపు సైనికులకు పగలు దెబ్బ బలం 25 శాతం పెరుగుతుంది, రాత్రి అంతే తగ్గుతుంది. మధ్యాహ్నపు వంతులో కాలువలో దిగినవాడు సంధ్యవేళకు ఒడ్డెక్కి, పోరు మొదలయ్యేసరికి మొదటి జాములో పడతాడు. అందువల్ల కాలువ వెడల్పును కంటికి ఇంపుగా ఉందా లేదా అని చూసి కాక, ఏ సైనికుడు ఏ వేళకు ఆవలి ఒడ్డుకు చేరాలన్నది నిర్ణయించుకుని పెట్టాలి.

డెల్టా మొత్తాన్ని ఒకే మ్యాపులో ఇరికించాలన్న ఆశ దగ్గరే చాలా ప్రయత్నాలు చెడిపోతాయి. ధవళేశ్వరం నుంచి అంతర్వేది వరకు సూటిగా కొలిస్తే సుమారు 70 కిలోమీటర్లు ఉంటుంది. దానిని 40 వరుసల్లో పెడితే ఒక్కో గడి దాదాపు రెండు కిలోమీటర్ల నేలకు సమానమవుతుంది. ఆ కొలతలో ఏటిగట్టుకు, లాకుకు, పంట కాలువకు చోటే ఉండదు. మ్యాపులో కనిపించాలంటే వాటిని అసలు కంటే ఎన్నో రెట్లు లావుగా గీయాలి. ఇది తప్పనిసరిగా చేయవలసిన పని, చేయదగ్గ పని కూడా. ఏది పెద్దదిగా కనిపించాలన్న ఎంపికలోనే గీసేవారి అవగాహన తెలుస్తుంది. అయితే ఆ పెంపు ఒక హద్దులో ఉండాలంటే డెల్టాలో ఒక ముక్కను తీసుకోవడమే మేలు.

అటువంటి ముక్కల్లో అన్నిటికంటే తగినది రాజోలు దీవి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ చీలి, ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. వశిష్ఠ అంతర్వేది దగ్గర కలుస్తుంది. పడమర వశిష్ఠ, తూర్పున వైనతేయ, దక్షిణాన సముద్రం, ఈ మూడింటి నడుమ మిగిలిన ముక్కోణపు నేలే రాజోలు దీవి. దీనికి చెప్పుకోదగ్గ వాకిళ్లు నాలుగు. ఉత్తరాన గన్నవరం అక్విడెక్టు (నది మీదుగా కాలువను దాటించే కట్టడం), పడమట దిండి–చించినాడ వంతెన, తూర్పున బోడసకుర్రు–పాశర్లపూడి వంతెన, నైరుతిన సఖినేటిపల్లి–నరసాపురం పంటు రేవు. ఆ ప్రాంతపు రాకపోకలు ఎరిగినవారికి ఈ నాలుగింటిలో దేని స్వభావం దానిదేనని వేరే చెప్పనక్కరలేదు. వంతెన ఎప్పుడూ తెరిచి ఉంటుంది గాని ఇరుకు. పంటు వేళను బట్టి, నీటిని బట్టి నడుస్తుంది. ఒక మ్యాపుకు కావలసిన వ్యూహం ఇందులో సగానికి పైగా సిద్ధంగానే ఉంది, కొత్తగా కల్పించవలసింది తక్కువ.

ఈ వాకిళ్లను ఆట భాషలోకి తేవడంలో అసలు నేర్పు ఉంది. వంతెన సులువు. వెస్నోత్‌లో వంతెన గడి మైదానం, లోతులేని నీరు ఈ రెండింటిలో ఎవరికి ఏది మేలైతే వారికి అదిగా పనిచేస్తుంది. మనిషి మైదానంలో నడిచినట్టే దాటుతాడు, మెర్మన్ నీటిలో ఈదినట్టే అదే గడిలో ఉంటాడు. పైన బస్సు, కింద నాటు పడవ పోయే చించినాడ వంతెనకు ఇంతకంటే సరైన రూపం ఉండదు. నడిచి దాటే రేవు గడికీ ఇదే నియమం వర్తిస్తుంది, అందుకే పంటు రేవును ఆ గడితో గీయాలని చాలామందికి అనిపిస్తుంది. అలా గీయకూడదు. పంటు దాటడంలో ఎదురుచూపు ఉంది, నది మధ్యలో నిస్సహాయంగా ఉండే కాసేపు ఉంది; నడిచే రేవు గడి ఆ రెండింటినీ చెరిపేస్తుంది. నది మిగతా భాగమంతా లోతు నీరుగా ఉంచి, రేవు దగ్గర మాత్రం లోతులేని నీటి గడులు రెండు పెడితే పైన చెప్పుకున్న కాలువ లెక్కే ఇక్కడా అమలవుతుంది. సైనికుడు ఒక వంతు నది మధ్యలో గడుపుతాడు, చుట్టూ లోతు నీటిలో మెర్మన్ కాచుకుని ఉండవచ్చు. అప్పుడు పంటు ఎక్కాలా, చించినాడ చుట్టు తిరిగి పోవాలా అన్నది నిజమైన ప్రశ్న అవుతుంది. లోతు నీరు అందరికీ గోడ కాదని కూడా గుర్తుంచుకోవాలి. మృతసేనలోని అస్థిపంజరాలు నది అడుగున నడవగలవు, లోతు నీటిలో కనబడకుండా దాగగలవు. ఈ సంగతి మరచి గీసిన నది ఒక జట్టుకు మాత్రమే తెరిచిన తలుపు అవుతుంది.

గన్నవరం అక్విడెక్టు దగ్గర ఆట నియమాలు చేతులెత్తేస్తాయి. అక్కడ వైనతేయ నది మీదుగా కాలువ నీరు దీవిలోకి పోతుంది. నీటి మీద నీరు. ఒక గడికి ఒకే నేల ఉండే ఏ మ్యాపూ దీనిని ఉన్నదున్నట్టుగా చూపలేదు. కాలువను అక్కడితో ఆపి, దాటుచోటును మామూలు వంతెనగా గీసి, రెండు వైపులా కాలువ కొనసాగినట్టు చూపడమే మిగిలిన దారి. కంటికి కాలువ తెగలేదనిపిస్తుంది, ఆటకు వంతెన దొరుకుతుంది. దీవికి నీరిచ్చే ఈ కట్టడం మ్యాపులో లేకపోతే మాత్రం అది రాజోలు మ్యాపు అనిపించుకోదు.

దాటుచోట్ల మీదనే దృష్టి పెట్టే మ్యాపుకు ఒక పెద్ద జబ్బు పొంచి ఉంటుంది: ప్రతిష్టంభన. మొదటి స్థాయి, ఆ పైస్థాయి సైనికుడెవరైనా తన చుట్టూ ఉన్న ఆరు గడుల మీద పట్టు కలిగి ఉంటాడు. వాటిలో అడుగుపెట్టిన శత్రువు అక్కడే ఆగిపోవాలి. రెండు పక్కలా లోతు నీరున్న ఒంటి గడి గట్టు మీద ఒక మంచి సైనికుడు నిలబడితే, నడిచివచ్చే శత్రువు ఒక్క గడి నుంచే అతని మీద దెబ్బ వేయగలడు. వెనుక వైద్యం చేసేవారొకరు ఉంటే ఆ గట్టు ఎంతసేపైనా కదలదు. పులి-మేక ఆటలో మేకలన్నీ దారులు మూసేసినప్పుడు పులి కదలలేని స్థితి వంటిదే ఇది, కాకపోతే అక్కడ అది గెలుపు, ఇక్కడ రెండు పక్షాలకూ విసుగు. దీనికి మందు గట్టును వెడల్పు చేయడం కాదు, అలా చేస్తే డెల్టా స్వభావమే పోతుంది. గట్టుకు ఇరుపక్కలా లోతు నీటికి బదులు ఒక వరుస చిత్తడి పెడితే, ఆ ఒక్కడి మీదికి ఎదుటి మూడు గడుల నుంచీ రావచ్చు. అయితే పక్కల నుంచి వచ్చే ఇద్దరూ 20 శాతం రక్షణతో బురదలో నిలబడి పోరాడాలి. దారి మూసుకోలేదు, ధర పెరిగింది. ప్రతి ఇరుకు దారికీ తోడుగా దూరమైన మరో దారి ఉండాలి. గోదావరి జిల్లాల్లో ఒక రేవు మూసుకుంటే జనం చుట్టు తిరిగి ఇంకో వంతెన మీదుగా పోయినట్టే, మ్యాపులోనూ ఆ చుట్టుదారి ఉండి తీరాలి. దాని పొడవు నాలుగైదు వంతులకు మించకూడదు.

కోనసీమ అనగానే కొబ్బరి తోటలు గుర్తొస్తాయి. మ్యాపు ఎడిటర్‌లో తాటి, కొబ్బరి జాతి చెట్లున్న అడవి గడులు దొరుకుతాయి కాబట్టి చెయ్యి ఆగదు. నిజమైన కోనసీమలో తోట ఎంత ఉందో మ్యాపులోనూ అంత నింపితే ఏమవుతుందో చూడాలి. అడవి గడిలో మనిషి సైనికుడికి 2 పాయింట్లు, గుర్రానికి 3. ఎల్ఫ్ అనే అడవి జాతికి మాత్రం ఒక్క పాయింటే, పైగా వారిలో చాలామందికి 60 నుంచి 70 శాతం రక్షణ. ఎల్ఫులు ఉండే రెబెల్స్ పక్షానికే ఒక మెర్మన్ యోధుడు కూడా ఉన్నాడు. తోటలు, నీళ్లు రెండూ ధారాళంగా ఉన్న మ్యాపు గీయడమంటే గెలుపును రెబెల్స్ చేతిలో పెట్టడమే. మరోవైపు నాల్గన్స్ పక్షంలోని మరుగుజ్జు యోధులకు గుట్ట మీద 60, కొండ మీద 70 శాతం రక్షణ ఉండి, మైదానంలో 30 శాతమే ఉంటుంది. డెల్టాలో గుట్టే లేదు, వారికి ఈదే బంటూ లేడు. ఆటలోని పక్షాల్లో ఎవరిని ఎంచుకున్నా సమానమైన అవకాశం ఉండాలన్న నియమం సొంత ఊరి మీది ప్రేమ కంటే ముందు రావాలి.

ఇందుకు డెల్టా నేలలోనే పరిష్కారం ఉంది. డెల్టా పూర్తిగా సమతలమన్నది దూరం నుంచి చూసినవారి మాట. అక్కడ బతికేవారికి మెరకా పల్లమూ స్పష్టంగా తెలుసు. వరదకు మునిగే వీధి, మునగని వీధి ఏవో ప్రతి ఊళ్లోనూ చెప్పగలరు. ఏటిగట్టు ఎత్తుగా ఉంటుంది, తీరం వెంట ఇసుక దిబ్బలు ఉంటాయి. ఏటిగట్టు పొడవునా రోడ్డు గడులే పెట్టి, లాకుల దగ్గర, మలుపుల దగ్గర ఒకటి రెండు గుట్ట గడులు ఉంచితే మరుగుజ్జులకు కాలు మోపే చోటు దొరుకుతుంది. ఆ గడులు మనుషులకూ 50 శాతం రక్షణ ఇస్తాయి. తోటలను విడివిడి ముక్కలుగా ఉంచి వాటి మధ్య చేల పట్టీలు వదలాలి. ఒక ఎల్ఫ్ ఒకే వంతులో ఒక తోట నుంచి ఇంకో తోటలోకి దూరలేనంత ఎడం ఉంటే చాలు. నిజానికి తోటా చేనూ పక్కపక్కనే మారుతూ పోయే ఆ నేల తీరుకు, అంతా కమ్మేసిన పచ్చదనం కంటే ఇదే దగ్గర. కోరింగ వైపు మడ అడవులు గీయాలనుకునేవారు వాటిని అడవిగా కాక చిత్తడిగా లెక్కించాలి, ఎందుకంటే అక్కడ నడకను ఆపేది చెట్టు కాదు, బురద.

పల్లెల అమరిక మీద ఆర్థికమంతా ఆధారపడుతుంది. సాధారణ అమరికలో ప్రతి పక్షం 100 బంగారు నాణేలతో మొదలవుతుంది. పట్టుకున్న ఒక్కో పల్లె వంతుకు 2 నాణేలు ఇస్తుంది, సైన్యపు పోషణలో కొంత భారం మోస్తుంది, అక్కడ ఆగిన సైనికుడికి వంతుకు 8 ప్రాణపాయింట్లు తిరిగి ఇస్తుంది. పల్లెలన్నీ మెరక మీద రోడ్డు పక్కనే ఉంటే నీటి సైనికుడిని కొనాల్సిన అవసరమే ఎవరికీ రాదు. రెండు మూడు పల్లెలను నది నడుమ తేలిన లంకల మీద పెట్టడం ఇందుకే ముఖ్యం. లంక పల్లెను మెర్మన్ తొలి వంతుల్లోనే పట్టుకోగలడు. అయితే ఇంట్లో అతని రక్షణ 40 శాతమే కాబట్టి ఎదుటివారు గట్టిగా వస్తే నిలుపుకోవడం కష్టం. సంపాదించడం తేలిక, కాపాడుకోవడం కష్టం అనే ఈ లక్షణం లంక భూములది కూడా. అంతర్వేది వంటి పుణ్యక్షేత్రాన్ని మాత్రం పట్టుకోవలసిన పల్లెగా పెట్టకుండా వదిలేయడం మర్యాద. అక్కడ తీరం, దీపస్తంభం గీసినా ఆ చోటు గుర్తుకొస్తుంది.

వరద లేని గోదావరి మ్యాపు అసంపూర్ణం. వెస్నోత్‌లో ఫలానా వంతు వచ్చినప్పుడు ఫలానా గడులు ఫలానా నేలగా మారాలని సన్నివేశపు ఫైలులో రాయవచ్చు, దానికి పెద్ద ప్రోగ్రామింగ్ చదువేమీ అక్కరలేదు. కష్టమంతా ఏది ఎప్పుడు మునగాలన్న క్రమం నిర్ణయించడంలో ఉంది, అది గోదావరి దగ్గర ఎప్పుడో నిర్ణయమైపోయింది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 1986 ఆగస్టులో అది సుమారు 35 లక్షల క్యూసెక్కులకు చేరింది; 2022 జులైలో 25 లక్షలు దాటింది. వరద పెరుగుతుంటే ముందు మునిగేవి కాజ్‌వేలు. చాకలిపాలెం దగ్గరి కనకాయలంక కాజ్‌వే పేరు ప్రతి ఏటా వార్తల్లో మొదట వినిపించేది అందుకే. ఆ తర్వాత పంట్లు ఆగిపోతాయి, లంక చేలు మునుగుతాయి. చివరగా అందరి చూపూ ఏటిగట్టు మీద నిలుస్తుంది.

ఈ క్రమాన్ని మూడు హెచ్చరికలుగా మ్యాపులో పెట్టవచ్చు. మొదటిదానికి కాజ్‌వే గడులు లోతులేని నీరవుతాయి. రెండోదానికి లంక చేలు లోతులేని నీరవుతాయి, పంటు రేవులోని రెండు గడులు లోతు నీరై ఆ వాకిలి మూసుకుంటుంది. మూడోదానికి గట్టు లోపలి పల్లపు పొలాలు చిత్తడిగా మారతాయి. నీరు తీసేటప్పుడు ఇదే క్రమం వెనుక నుంచి జరగాలి. ప్రతి హెచ్చరికనూ కనీసం రెండు వంతుల ముందు తెరపై చెప్పి తీరాలి. చెప్పకుండా ముంచే వరద ఆడేవారి తెలివిని కాక అదృష్టాన్ని పరీక్షిస్తుంది. చెప్పి ముంచే వరద మాత్రం లంకలో ఉన్న సైనికులను వెనక్కి పిలవాలా, మెర్మన్‌లను ముందుకు తోయాలా, రేవు మూతపడే లోపు దాటిపోవాలా అన్న మూడు నిర్ణయాలను ఒకేసారి ముందుంచుతుంది. లంకల్లో ఉండేవారు పశువులను ఎప్పుడు గట్టెక్కించాలో లెక్కవేసుకునేది ఇటువంటి వ్యవధిలోనే. ఆ వ్యవధిని ఆటలోకి తేగలిగితే, మ్యాపు డెల్టా బొమ్మగా మిగలక డెల్టా బతుకు తెలిసినదవుతుంది.

ఇద్దరు పోటీపడే మ్యాపులను సాధారణంగా ఒక సగాన్ని తిప్పి రెండో సగంగా అతికించి గీస్తారు, ఎవరికీ అన్యాయం జరగకూడదని. నిజమైన నదిని అలా తిప్పడం కుదరదు. ఒకరిని ఎగువన, ఒకరిని సముద్రపు ఒడ్డున పెడితే దాటుచోట్లన్నీ ఒకరికే దగ్గరవుతాయి. నదికి అటొకరిని, ఇటొకరిని పెట్టి, వశిష్ఠను నడిమి గీతగా తీసుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. రెండు కోటల నుంచి వంతెనకూ రేవుకూ అయ్యే వంతులు సమానంగా ఉన్నాయో లేదో గడి గడికీ లెక్కపెట్టుకోవాలి. మొదట కదిలేవారికి సహజంగా ఉండే మొగ్గును తగ్గించడానికి రెండోవారి పల్లెనొకదాన్ని ఒక గడి దగ్గరగా జరపడం కూడా ఉంది. బాహ్యరూపంలో రెండు ఒడ్లూ ఒకే తీరుగా ఉండనవసరం లేదు. పడమటి ఒడ్డున చేపల చెరువులు, తూర్పు ఒడ్డున తోటలు ఉన్నా, దాటే లెక్క సమానమైతే చాలు.

ఈ సవరణలు చేయడానికి వెస్నోత్ మ్యాపు తీరు ఎంతో అనుకూలం. ఫైలు అంతా మామూలు అక్షరాలే. ప్రతి గడికీ సాధారణంగా రెండు ఇంగ్లీషు అక్షరాల సంకేతం, గడుల మధ్య కామాలు, ఒక్కో వరుసకు ఒక్కో పంక్తి. పచ్చిక గడి ‘జీజీ’, చిత్తడి ‘ఎస్‌ఎస్’, లోతులేని నీరు ‘డబ్ల్యూడబ్ల్యూ’, లోతు నీరు ‘డబ్ల్యూఓ’. అందులో మొదటి అక్షరం పెద్దది, రెండోది చిన్నది. ఎడిటర్ తెరవకుండానే, కాలువ వరుసలో ఒక ‘జీజీ’ని ‘ఎస్‌ఎస్’గా మార్చి కాలువను రెండు గడుల వెడల్పు చేయవచ్చు. ఆ మార్పు ఫలితాన్ని కంప్యూటర్‌తో ఆడి మాత్రమే తేల్చుకోకూడదు. కంప్యూటర్ ప్రత్యర్థి కనిపించిన పల్లె వైపు, అందిన శత్రువు వైపు పరుగెత్తుతుంది. రేవు మూతపడే ముందు దాటాలన్న ముందుచూపు దానికి ఉండదు, కాబట్టి వరద మ్యాపులో అది ఎప్పుడూ లంకల్లోనే చిక్కుకుని, మ్యాపు సమంగా ఉందో లేదో తెలియకుండా చేస్తుంది. ఆట బాగా తెలిసిన ఇద్దరు ఒడ్లు మార్చుకుంటూ, పక్షాలు మార్చుకుంటూ ఆడినప్పుడే సఖినేటిపల్లి రేవు ఎవరూ వాడని అలంకారమా, అందరూ తోసుకునే ఒకే దారా అన్నది బయటపడుతుంది. ఎవరూ వాడకపోతే రేవు నీటిని ఒక గడికి తగ్గించాలి. అందరూ వాడుతుంటే చించినాడ వైపు రోడ్డును రెండు గడులు కుదించాలి.